నిద్ర చాలని చేతికి బంతి లొంగదు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇవాళ నేను గోల్ఫ్ ఆట గురించి మాట్లాడతానంటే మీలో కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోదామనుకోవచ్చు. "గొప్పవాళ్ళ ఆట, మనకెందుకమ్మా" అని. కాస్త ఆగండి. ఆ ఆటలో నెగ్గే చిట్కాలు చెప్పడానికి రాలేదు నేను. అలసటా, నిద్రలేమీ మనిషి చేతినీ, కంటినీ, బుద్ధినీ ఎలా దెబ్బతీస్తాయో చూడాలంటే ఆ ఆటంత చక్కని అద్దం ఇంకోటి లేదు. ఎందుకో వినండి.

చూడని వాళ్ళకోసం ముందు రెండు ముక్కలు. విశాలమైన పచ్చిక మైదానం. అందులో దూరదూరంగా పద్దెనిమిది గుంటలు. ఒక్కో గుంట వెడల్పు 10.8 సెంటీమీటర్లు, అంటే నాలుగుంబావు అంగుళాలు. బంతి బరువు 46 గ్రాములకు మించదు, ఓ మాదిరి నిమ్మకాయంత అన్నమాట. ఎక్కడో దూరాన్నుంచి ఆ బంతిని కొట్టుకుంటూ వచ్చి గుంటలో పడెయ్యాలి. కొట్టే కర్రల్ని క్లబ్బులంటారు. పద్నాలుగు దాకా ఉంచుకోవచ్చు. ఎంత తక్కువ దెబ్బల్లో పద్దెనిమిది గుంటలూ పూర్తి చేస్తే అంత గొప్ప. మన దేశానికి ఇది కొత్తదేమీ కాదు. కలకత్తాలో 1829 లోనే గోల్ఫ్ క్లబ్బు వెలిసింది. మన హైదరాబాదులో గోల్కొండ కోట నయాకిలాలోనూ, విశాఖపట్నంలోనూ మైదానాలున్నాయి.

చూసేవాళ్ళకి "ఇందులో అలసటేముంది?" అనిపిస్తుంది. కబడ్డీలా కూత పెట్టక్కర్లేదు, ఫుట్‌బాల్‌లా పరుగెత్తక్కర్లేదు. కాని లెక్క వేసి చూడండి. మంచి ఆటగాడికి పద్దెనిమిది గుంటలకూ కలిపి 72 దెబ్బలు మామూలు లెక్క. ఒక్కో దెబ్బకీ కర్ర ఎత్తి దించడానికి రెండు సెకండ్లయినా పట్టదు. అంటే అసలు పని మొత్తం రెండున్నర నిమిషాలు! ఆట మాత్రం నాలుగు గంటలు దాటుతుంది. ఎనిమిది కిలోమీటర్లు, అంతకు పైన కూడా నడవాలి. ఆ రెండున్నర నిమిషాల కోసం నాలుగు గంటలపాటు మనసు చెదరకుండా కాపాడుకోవాలి. పైపెచ్చు ఇక్కడ ఎదుటివాడు బంతి విసరడు. బంతి కదలకుండా మనకోసమే కూర్చుంటుంది. దెబ్బ తప్పితే ఎవరిమీదకీ తోసెయ్యడానికి లేదు. ప్రతి దెబ్బా చీటీ మీద ఎక్కుతుంది. అందుకే ఒంట్లో అలసట ఉంటే ఈ ఆటలో దాగదు.

అలసట మొదట దేన్ని పట్టుకుంటుందో తెలుసా? బలాన్ని కాదు, సున్నితాన్ని. గుంట దగ్గర గ్రీన్ అనే నున్నటి పచ్చిక ఉంటుంది. దానిమీద బంతిని మెల్లగా గుంటలోకి తోస్తారు. ఆ దెబ్బ పేరు పట్. లెక్కప్రకారం గుంటకి రెండు పట్‌లు, అంటే 72లో 36, సరిగ్గా సగం. ఇక్కడ కండబలంతో పనిలేదు. జంతికల పిండి గిద్దల్లో వేసి నొక్కడానికి బలం కావాలి గాని, ముగ్గు చుక్కలు వరస తప్పకుండా పెట్టడానికి కావలసింది బలం కాదు కదూ? నిలకడ. అలసిన చేతికి ముందు పోయేది అదే.

దీనికి గోల్ఫ్ చరిత్రలో ఓ పెద్ద ఉదాహరణ ఉంది. 1964లో అమెరికా ఓపెన్ పోటీ వాషింగ్టన్ దగ్గర కాంగ్రెషనల్ అనే క్లబ్బులో జరిగింది. ఆ రోజుల్లో ఆ పోటీలో ఆఖరి రోజున ఒక్కరోజే 36 గుంటలు ఆడాలి, పొద్దున పద్దెనిమిది, మధ్యాహ్నం పద్దెనిమిది. ఆ రోజు ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, దానికి తోడు ఉక్కపోత. కెన్ వెంచురి అని ముప్ఫయి మూడేళ్ళ ఆటగాడు. అంతకుముందు కారు ప్రమాదం జరిగి, నాలుగేళ్ళుగా ఒక్క పోటీ నెగ్గక, ఇతని పని అయిపోయిందనిపించుకున్నవాడు. పొద్దున మొదటి తొమ్మిది గుంటలూ 30 దెబ్బల్లో పూర్తిచేసి అందరినీ నివ్వెరపరిచాడు. ఆ తరవాత ఎండ అతన్ని పట్టుకుంది. వణుకు పుట్టింది. పదిహేడు, పద్దెనిమిది గుంటల దగ్గర చిన్నపిల్లాడైనా వేస్తాడనిపించే దగ్గరి పట్‌లు రెండూ తప్పాడు. చూశారా, దూరపు దెబ్బలు కావు తప్పింది, దగ్గరివి!

మధ్య విరామంలో అతన్ని పడుకోబెట్టి డాక్టరు పరీక్షించి, "ఇక ఆడకు, ప్రాణానికే ముప్పు" అని చెప్పాడు. అతను వినలేదు. మధ్యాహ్నం ఆటంతా డాక్టరు కూడా వెంటే నడిచాడు. ఉప్పు బిళ్ళలు మింగుతూ, కాళ్ళీడ్చుకుంటూ ఆడి, చివరికి నాలుగు దెబ్బల తేడాతో నెగ్గాడు. ఆఖరి గుంటలోంచి బంతి తియ్యడానికి వంగే ఓపిక లేకపోతే తోటి ఆటగాడు తీసి ఇచ్చాడు. లెక్క చీటీ మీద సంతకం పెట్టడానికి కూడా అంకెలు కుదరలేదు. అధికారి ఒకాయన "సరిగ్గానే ఉంది, పెట్టు" అంటే పెట్టాడు.

ఈ కథ చెప్పి చాలామంది "చూశారా పట్టుదల!" అంటారు. నిజమే, పట్టుదలే. కాని నాకు నచ్చింది ఆ తరవాత జరిగింది. మరుసటి ఏడు, 1965 నుంచి, ఆ పోటీని రోజుకి పద్దెనిమిది గుంటల చొప్పున నాలుగు రోజులకి మార్చారు. అందులో టెలివిజన్ ప్రసారాల లాభం కూడా ఉందనుకోండి. అయినా మనిషి కూలిపోయే దాకా ఆడించే పద్ధతి పోయిందా లేదా? అలసిపోయినవాడికి చప్పట్లు కొట్టి ఊరుకోకుండా, పనివేళలు మార్చారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఇది ఎండా, నడకా తెచ్చిన అలసట. ఒక గ్లాసు ఉప్పేసిన మజ్జిగ తాగి, నీడన కూర్చుంటే చాలా మటుకు తగ్గుతుంది. నిద్రలేమి తెచ్చే అలసట అలాంటిది కాదు. అది పైకి కనబడదు.

మా బంధువుల్లో ఒకాయన ఉన్నారు. పెద్ద ఉద్యోగం. రాత్రి పన్నెండు దాకా ఫోన్లూ, కాగితాలూ. ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకల్లా గోల్ఫ్ మైదానంలో ఉండాలి. ఓ ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగా పది గంటలకి చిరాకు పడుతూ వచ్చారు.

"ఏం అన్నయ్యగారూ, ఆట ఎలా సాగింది?" అన్నాను.

"ఆ క్లబ్బు మార్చాలమ్మా. బొత్తిగా బాగాలేదు" అన్నారు.

వాళ్ళావిడ కాఫీ గ్లాసు అక్కడ పెడుతూ నాతో మెల్లిగా అంది, "ఈ ఏడాదిలో మూడో క్లబ్బు వదినా. మార్చాల్సింది పడుకునే వేళ అని ఎవరు చెప్పాలి?" అని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు ఉంటుందన్నమాట వ్యవహారం.

ఆవిడ అన్నది సరదాకే గాని, శాస్త్రం కూడా ఆవిడ పక్షమే. 1997లో ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికీ కంటికీ పొత్తు, మద్యం తాగి రక్తంలో 0.05 శాతం చేరిన మనిషికి ఉన్నట్లే ఉంటుందని తేలింది. చాలా దేశాల్లో అంత తాగి కారు నడిపితే నేరం. అంటే పొద్దున్న అయిదింటికి లేచిన మనిషి రాత్రి పదింటికి ఆ స్థితికి వస్తాడన్నమాట. చుక్క తాగకుండానే!

2003లో అమెరికాలో మరో పరీక్ష జరిగింది. రెండు వారాలపాటు కొందరిని రాత్రికి ఆరు గంటలే నిద్రపోనిచ్చారు. ఆరు గంటలంటే మనకి తక్కువేమీ కాదనిపిస్తుంది. కాని రెండు వారాలయ్యేసరికి వాళ్ళ చురుకుదనం రాత్రుళ్ళు బొత్తిగా నిద్రలేనివాళ్ళ స్థాయికి పడిపోయింది. అసలు వింత ఏమిటంటే, "మీకు నిద్రమత్తుగా ఉందా?" అని అడిగితే, "కొంచెం, అంతే" అన్నారు. చెయ్యి తప్పుతోందని వాళ్ళకే తెలియలేదు. "నాకు అయిదు గంటలు చాలండీ, అలవాటైపోయింది" అనేవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది! అలవాటైపోయింది నిద్ర తక్కువ కావడం కాదు, ఆ లోటు తెలియకపోవడం.

ఇది గోల్ఫ్ మైదానంలో ఎలా కనబడుతుందో చూడండి. మొదటిది, బంతి దూరం అంచనా తప్పుతుంది. రెండోది, చెయ్యి నిలకడ తప్పుతుంది. మూడోది, అన్నిటికంటే ప్రమాదమైనది, బుద్ధి. ఎదురుగా నీటిగుంట ఉందనుకోండి. తెలివిగా పక్కనుంచి రెండు దెబ్బల్లో వెళ్ళొచ్చు. నిద్ర చాలని మనిషి మాత్రం "ఒక్క దెబ్బలో దాటించేస్తాను" అంటాడు. నిద్రలేనప్పుడు మెదడుకి లాభం కనబడ్డంతగా నష్టం కనబడదని పరిశోధనల్లో కూడా తేలింది. బంతి నీళ్ళలో పడుతుంది. ఇక నాలుగోది చెప్పక్కర్లేదు, కోపం! క్లబ్బు విసిరికొట్టడాలూ, సంచి మోసే కుర్రాడి మీద విసుక్కోవడాలూ. ఒక దెబ్బ తప్పినందుకు వచ్చిన కోపం ఇంకో మూడు దెబ్బల్ని పాడుచేస్తుంది.

ఇంకొక సంగతి. పగలు నేర్చుకున్నది రాత్రి నిద్రలోనే కుదురుకుంటుంది. వేళ్ళతో ఒక వరసలో మీటలు నొక్కడం నేర్పి చూస్తే, రాత్రి నిద్రపోయి లేచినవాళ్ళు మళ్ళీ సాధన చెయ్యకుండానే అంతకుముందుకన్న ఇంచుమించు ఇరవై శాతం చురుగ్గా నొక్కారట. 2002లో వచ్చిన పరిశోధన ఇది. వీణ నేర్చుకున్న వాళ్ళకి ఇది అనుభవమే. రాత్రి ఎంత గింజుకున్నా పలకని గమకం పొద్దున్నే హాయిగా పలుకుతుంది. కాబట్టి నిద్ర మానుకుని సాధన చెయ్యడమంటే ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో పారబోసుకోవడమే. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళు పదకొండుమందిని కొన్ని వారాలపాటు రాత్రికి పది గంటలు పక్కమీద ఉండమన్నారు. ఆటలో వేరే మార్పేమీ లేదు. బంతి బుట్టలో పడడం తొమ్మిది శాతం పెరిగింది. ఇది 2011 నాటి మాట.

సరే, త్వరగా పడుకుంటారు, ఎనిమిది గంటలు పడుకుంటారు, అయినా పొద్దున్నే అలసటగానే లేస్తారు. అలాంటివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురకకి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు! గురక మధ్యలో ఊపిరి ఆగినట్లయి, మళ్ళీ గట్టిగా పీల్చుకుంటూ ఉంటారు. చూసేవాళ్ళు "ఆహా, ఎంత గాఢ నిద్ర" అనుకుంటారు. అది గాఢనిద్ర కాదమ్మా, జబ్బు. నిద్రలో గొంతు దగ్గర గాలి దారి మూసుకుపోయి, రాత్రిలో ఎన్నోసార్లు మెదడు ఉలిక్కిపడి లేస్తుంది. ఆ జబ్బున్న గోల్ఫ్ ఆటగాళ్ళు పన్నెండుమందికి అమెరికాలో చికిత్స చేసి చూశారు. ముక్కుకి మాస్కు తగిలించి గాలిని సన్నగా లోపలికి పంపే యంత్రం అది. గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అని ఒక అంకె ఉంటుంది, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడని. కొన్ని నెలల చికిత్స తరవాత వాళ్ళ సగటు హ్యాండిక్యాప్ 12.4 నుంచి 11కి తగ్గింది. వాళ్ళలో బాగా ఆడేవాళ్ళకయితే 9.2 నుంచి 6.3కి. జబ్బు లేని మరో పన్నెండుమందిలో ఆ మార్పు రాలేదు. 2013లో వచ్చిన పరిశోధన ఇది. కొద్దిమంది మీద చేసిందే, ఒప్పుకుంటాను. కాని ఇందులో ఇల్లాళ్ళకి ఒక ఉపాయం ఉంది సుమండీ. "గుండెకి మంచిది కాదు, డాక్టరుకి చూపించుకోండి" అంటే వినని మగవాళ్ళు, "మీ ఆట బాగుపడుతుందట" అంటే వింటారు! అయితే ఒక మాట. గురక మగవాళ్ళ సొత్తే అనుకోకండి. ముట్లుడిగిన తరవాత ఆడవాళ్ళలో కూడా ఈ జబ్బు పెరుగుతుంది. సిగ్గుపడి దాచుకోకూడదు.

ఇక మన అమ్మాయి సంగతి చెప్పాలి. బెంగుళూరు పిల్ల అదితి అశోక్. 2016లో రియో ఒలింపిక్స్‌లో ఆడినప్పుడు పద్దెనిమిదేళ్ళది, సంచి మోసింది తండ్రి. టోకియో ఒలింపిక్స్‌లో, అంటే 2021 ఆగస్టులో, సంచి మోసింది తల్లి. అంతకు కొద్దినెలల ముందే ఆ పిల్లకి కోవిడ్ వచ్చి, ఒంట్లో బలం తగ్గి, బంతి మునుపటంత దూరం పోవడం లేదని తనే చెప్పింది. అయినా దగ్గరి దెబ్బల్లో, గ్రీన్ మీద పట్‌లలో నేర్పుతో నెట్టుకొచ్చి, నాలుగు రోజులూ పతకాల వరసలోనే ఉంది. చివరికి ఒక్కటంటే ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం తప్పి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పోటీలో ఎండ ఎలా ఉందంటే, అమెరికా అమ్మాయి ఒకామె సంచి మోసే క్యాడీ మొదటి రోజే ఎండదెబ్బ తగిలి మధ్యలో ఆపేశాడు. అదే ఎండలో మన అమ్మాయి వెనకాల క్లబ్బుల సంచితో నాలుగు రోజులు నడిచింది ఒక తల్లి. ఆటగత్తె పేరు పేపర్లో పడుతుంది. సంచి మోసినవాళ్ళ అలసట ఎవరి చీటీలోనూ ఎక్కదు.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఈ ఆటగాని, మరే ఆటగాని ఆడుతుంటే కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఆట ముందు రాత్రి ఒక్కటే త్వరగా పడుకుంటే చాలదు, ముందు వారమంతా నిద్ర సరిగ్గా ఉండాలి. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటలు, హైస్కూలు వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. తెల్లవారుజామున కోచింగుకి పంపే తల్లులు ఈ లెక్క గట్టిగా పట్టుకోండి. నాలుగున్నరకి లేపాలంటే ఎనిమిదిన్నరకల్లా పడుకోబెట్టాలి, టీవీ, సెల్‌ఫోన్ పక్కన పెట్టించి. సాయంత్రం తాగిన కాఫీ, టీలలో సగం సత్తువ అయిదు గంటల తరవాత కూడా ఒంట్లోనే ఉంటుంది. అందుచేత మధ్యాహ్నంతో ఆపడం మేలు. రాత్రి నిద్ర చాలకపోతే పగలు ఇరవై నిమిషాల కునుకు తియ్యొచ్చు. గంటలకొద్దీ పడుకుంటే లేచాక మందంగా ఉంటుంది. వేకువన ఒళ్ళు ఇంకా చల్లగా, బిర్రుగా ఉంటుంది గనక పావుగంట ఒళ్ళు వెచ్చబడేలా కదిలి ఆట మొదలుపెట్టాలి. దాహం వెయ్యకముందే నీళ్ళు తాగుతూ ఉండాలి. చివరి గుంటలకి వచ్చేసరికి బంతి దూరం తగ్గుతుంది. అప్పుడు బలంకొద్దీ బాదకుండా, ఇంకాస్త దూరం కొట్టే క్లబ్బు తీసుకుని నిదానంగా కొట్టడం మంచిది. అన్నిటికంటే ముఖ్యం, నిద్రలేక ఆడినవాళ్ళు ఇంటికి కారు నడుపుకుంటూ రావడం. బంతి నీళ్ళలో పడితే ఒక దెబ్బ పోతుంది. కారు విషయం అలా కాదు.

ఇంతా చెప్పాక మన సంగతి చెప్పకపోతే ఎలా? ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. కాని మన ఇళ్ళలో ఇల్లాలి నిద్రకి ఆ భాగ్యం కూడా లేదు. ఆయన అయిదున్నరకి ఆటకి వెళ్ళాలంటే నాలుగున్నరకి కాఫీ కలిపేదెవరు? పిల్ల కోచింగుకి వెళ్ళాలంటే అలారం మోగకముందే లేచేదెవరు? రాత్రి అందరూ పడుకున్నాక పాలు తోడుపెట్టి, తలుపులు గడియవేసి పడుకునేదెవరు? నిద్ర చాలని చేతికి మైదానంలో బంతి తప్పితే చీటీ మీద ఎక్కుతుంది. మనకి కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది, పాలు పొంగిపోతాయి, కత్తిపీట వేలు తెగ్గోస్తుంది, పిల్లల మీద అనవసరంగా చెయ్యి లేస్తుంది. వీటికి లెక్క చీటీ లేదు. "నీకీ మధ్య పరాకు ఎక్కువైంది" అన్న ఒక్క మాట మటుకు మిగులుతుంది.

"మా కోడలు క్షణం కూర్చోదండీ" అని మెచ్చుకునే అత్తగార్లున్నారు. మంచి మనసుతోనే అంటారు. కాని ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ మాట ఇక్కడ కావాలి. కూలిపోయే దాకా ఆడినవాణ్ణి మెచ్చుకుని ఊరుకోలేదు వాళ్ళు. ఒక రోజు పనిని రెండు రోజులు చేశారు. మనమూ మెచ్చుకోలుతో సరిపెట్టుకోకుండా వేళలు మార్చుకుందాం. ఆటకి వెళ్ళేవారు రాత్రే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఉంచుకోవచ్చు. పాలు తోడుపెట్టడం పెద్ద పిల్లాడికి అప్పగించవచ్చు, వాడి చెయ్యేమీ అరిగిపోదు. వారంలో రెండు రోజులు పిల్లని దింపే పని తండ్రిది కావచ్చు. ఇవేమీ గొప్ప సంస్కరణలు కావు. ఇల్లాలికి రోజుకో గంట నిద్ర మిగులుతుంది, అంతే.

ఈ రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఎవరెవరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో ఒక కాగితం మీద వేసి చూడండి. మీ పేరు కూడా అందులో రాయడం మర్చిపోకండేం.